మంచి బాక్టీరియా - ఎవరికి మంచి?

హోసూరు చుట్టుపక్కల పాలీహౌసుల్లో క్యాప్సికం, కీరదోస పండించే రైతుల నోట 'మంచి బాక్టీరియా' అన్న మాట వింటూంటాను. సూడోమోనాస్ ఫ్లోరసెన్స్ అనే దాన్ని టాల్కు పొడిలో కలిపి అమ్ముతారు. రైతులు దాన్ని మాగిన పశువుల ఎరువులో, వేపపిండిలో కలిపి, తడి ఆరకుండా రెండు వారాలు నీడన ఉంచి మళ్లలో వేస్తారు. వేరుకుళ్లు తగ్గుతుందని నమ్మకం. ఆ నమ్మకానికి ఆధారం లేకపోలేదు. నాకు పేచీ ఆ 'మంచి' అన్న విశేషణంతోనే. కంటికి కనబడని ప్రాణికి ఆ బిరుదు దేన్ని బట్టి ఇచ్చాం?

అది చేసే పని చూడండి. వేరు నుంచి ఊరే తీపి తిని వేరు చుట్టూ కాపురం పెడుతుంది. మట్టిలోని ఇనుమును పట్టుకునే ఒక పదార్థాన్ని విడుస్తుంది. 1980లో అమెరికాలో క్లోపర్, ష్రోత్ మొదలైనవారు ఈ ఇనుము సంగతి వివరించారు. ఇనుము అందక వేరును కుళ్లించే బూజు ఎదగలేదు. కొన్ని రకాలైతే విషమూ కక్కుతాయి. పొరుగువాడి కూడు లాక్కోవడమే మనం మెచ్చుకునే ఆ మంచితనం! దానికి మొక్క మీద ప్రేమా లేదు, బూజు మీద పగా లేదు. తన బతుకు తాను బతుకుతూంటే మనకు లాభం తగిలిందంతే.

పోనీ, చెడ్డదనే పితియం సంగతి? అది అన్ని నేలల్లోనూ ఉండేదే. మూసిన కప్పు కింద ఒకే పంటను మళ్లీ మళ్లీ వేసి, నీళ్లు ఎక్కువ పెట్టి, దానికి విందు చేసింది మనం. విషవాయువుతో నేలను శుద్ధి చేస్తే ఇంకో చిక్కు. అంతా చచ్చిన మట్టిలోకి మొదట వచ్చిన తెగులు అడ్డూ ఆపూ లేకుండా పాకుతుంది. కాపలా కాసే నానాజాతి జనం అక్కడ లేరు కదా. మరోవైపు, బయటినుంచి తెచ్చి వేసిన బాక్టీరియాను పాతకాపులు అంత తేలిగ్గా నిలవనివ్వరు. కొన్ని వారాల్లోనే దాని సంఖ్య పడిపోతుంది. (పాతకాపులు, బయటివాళ్లు - ఈ మాటలు మనబోటివాళ్ల చెవికి కాస్త గట్టిగానే తగులుతాయి.)

ఈ ప్రశ్న వట్టి మాటల ఆట కాదు. 1950లో బర్క్‌హోల్డర్ అనే శాస్త్రజ్ఞుడు ఉల్లిగడ్డను కుళ్లించే ఒక బాక్టీరియాను వర్ణించాడు. దానికి సెపాసియా అని పేరు. ఉల్లికి శత్రువైన ఆ జాతిలోనే కొన్ని రకాలు ఇతర పైర్ల నారుకుళ్లును ఆపుతాయని తేలి, అమెరికాలో వాటిని మందుగా అమ్మారు. ఇంతలో సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే పుట్టుజబ్బుతో ఊపిరితిత్తులు దెబ్బతిన్నవాళ్లకు ఆ జాతి ప్రాణాంతకమని ఆసుపత్రుల్లో బయటపడింది. ఆ అమ్మకాలు ఆగిపోయాయి. ఉల్లికి చెడ్డది, నారుకు మంచిది, రోగికి మృత్యువు! మంచితనం దాని పుట్టుకలో లేదు, అది చేరిన చోటులో ఉంది.

సూడోమోనాస్ ఫ్లోరసెన్స్ అలాంటిది కాదు. మనిషి ఒంటి వేడిలో అది సరిగా పెరగదు. రసాయనాల కంటె దాన్నే నేను కోరుకుంటాను. అయినా 'మంచిది' అని చెప్పి ఊరుకుంటే చాలదంటాను. ఏ రకం, ఎవరి మీద పరీక్షించారు, ఎప్పటిదాకా బతికుంటుంది - ఇవి తెలియాలి. ఎరువులో ఆ పొడిని వట్టి చేతులతో కలిపేది చాలాచోట్ల కూలికి వచ్చే ఆడవాళ్లు. నేను చూసిన సంచుల మీద జాగ్రత్తలన్నీ ఇంగ్లీషులో, సన్నటి అక్షరాల్లో ఉన్నాయి. వాటిని వాళ్లకు చదివి చెప్పాల్సింది ఎవరు? కంపెనీవాడా, తోట యజమానా, పక్కన నిలబడి చూసే నాలాంటి చదువుకున్నవాడా?