టీకా కాగితముపై ఎవరి సంతకము?



గర్భసంచి ముఖద్వార కేన్సరు రాకుండ 14 ఏండ్ల బాలికలకు టీకా వేయుటకు తమిళనాడు ప్రభుత్వము 2025 బడ్జెటులో 36 కోట్ల రూపాయలు ప్రకటించినది. హోసూరు, కృష్ణగిరిలలో స్థిరపడిన మన కుటుంబములలోను ఆ ఈడు ఆడపిల్లలున్నారు. కనుక వేయింపవలెనా, వద్దా అను ప్రశ్న మన గడపలోనికి వచ్చినది.

2022లో ఈ వ్యాధివలన మన దేశములో సుమారు 80 వేలమంది స్త్రీలు మరణించిరని అంచనా. దీనికి కారణము హెచ్.పి.వి. అను వైరస్. అది సోకిన తరువాత కేన్సరుగా మారుటకు సాధారణముగా పదిహేను, ఇరువది ఏండ్లు పట్టును.

తల్లులు చెప్పు అభ్యంతరములు ముఖ్యముగా రెండు. "మా పిల్లను భయభక్తులలో పెంచితిమి, దానికెందుకు ఈ సూది?" అనునది మొదటిది. ఈ వైరస్ స్త్రీపురుషుల కలయికవలన సోకును గనుక ఈ మాట వచ్చినది. అయితే తనలో వైరస్ ఉన్నదని ఎరుగని భర్తవలన ఏ తప్పు ఎరుగని భార్యకు సోకవచ్చును. మంచి నడత పిల్లకు మనము నేర్పవలసినదే, కాని పెండ్లికుమారుని గత జీవితము మన చేతిలో లేదు. వైరస్ సోకకముందే వేసిన టీకా బాగుగా పనిచేయును గనుక 9 మొదలు 14 ఏండ్లలోపు వేయుదురు. అందులో పిల్ల శీలమును శంకించుట ఏమియు లేదు.

రెండవది భయము. ఇది ఊరక పుట్టినది కాదు. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలములలో పాత్ అను అమెరికా సంస్థ, ప్రభుత్వము కలిసి సుమారు 14 వేలమంది బాలికలకు ఈ టీకా వేయించిరి. కొందరు బాలికలు మరణించగా 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమము ఆగిపోయినది. ఆ మరణములకు టీకా కారణమని విచారణ సంఘము తేల్చలేదు. అయితే పరిశీలించిన 9,543 అంగీకార పత్రములలో 2,763 పత్రములపై హాస్టలు వార్డెన్లు సంతకము చేసిరని, 1,948 పత్రములపై వేలిముద్రలే ఉన్నవని వెల్లడియైనది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘము ఆ పద్ధతిని తీవ్రముగా ఖండించినది. మందు మంచిదైనను తల్లిదండ్రులకు తెలియజెప్పక వేయుట అన్యాయమే.

కాబట్టి ప్రశ్నలడుగు తల్లిని అజ్ఞానియని త్రోసివేయరాదు. పిల్లలు పుట్టకపోవుదురేమోయని ఆమె అడిగినయెడల, అట్లు జరుగునని రుజువు లేదని ఓర్పుతో చెప్పవలెను. చేయి నొప్పి, జ్వరము, కొందరికి కండ్లు తిరుగుట కలుగవచ్చునని దాచక చెప్పవలెను. మనవారిలో తమిళము చదువలేని తల్లులున్నారు. వారికి కాగితములోని సంగతి తెలుగులో చదివి వినిపింపక వ్రాలు చేయించినచో, ఖమ్మములో జరిగిన తప్పే ఇక్కడను జరిగినట్లగును.

అయితే తల్లికిని ఒక బాధ్యత ఉన్నది. అడిగి, జవాబు విన్న తరువాత కూడ "ఇరుగుపొరుగువారు ఏమనుకొందురో" అని మానుకొనుట జాగ్రత్త అనిపించుకొనదు. ఆ వెరపునకు వెల చెల్లించునది నలుబదియేండ్ల వయస్సులో ఆ కుమార్తెయే.

మన స్త్రీల సమాజములు ఒక కూటమును దీనికై కేటాయించి, సంఘములోని నర్సు సహోదరిచేత తెలుగులో వివరింపజేయుట మంచిది. ఆడపిల్లలను కూడ కూర్చుండనీయుడి, సూది వారి చేతికే గదా. ముప్పది దాటిన తల్లులు తామును ఆసుపత్రిలో పరీక్ష చేయించుకొనవలెను. టీకా వేయించుకొన్న కుమార్తెలకు కూడ ఆ వయస్సు వచ్చినప్పుడు ఆ పరీక్ష అవసరమే. సంతకము చేయుటకు ముందు చదివించుకొనుడి, అడుగుడి, తెలిసికొని చేయుడి.