పక్షపాతాన్ని పట్టే తీగ

కృష్ణపదార్థం మాట వస్తే అందరం ఒక వాక్యం అలవాటుగా అనేస్తాం: దానికీ మనకూ గురుత్వాకర్షణ తప్ప మరే సంబంధమూ లేదని. 1970లో వేరా రూబిన్, కెంట్ ఫోర్డ్ ఆండ్రోమెడా గెలాక్సీ తిరిగే వేగాలను ప్రచురించారు. అప్పటినుంచి పోగైన సాక్ష్యం చెప్పేది మాత్రం అంతకన్నా తక్కువ. కనబడనిదేదో లాగుతోంది, అంతే. ఆ లాగుడంతా గురుత్వానిదేనా, లోపల మరో బలం కూడా కలిసి ఉందా అన్నది ఆ వేగాలు ఒక్కటే చూసి తేల్చలేం. విశ్వంలో మామూలు పదార్థానికి అయిదు రెట్లున్న దానితో మన చుట్టరికాన్ని ఊహతో సరిపెట్టుకోవడం నాకు సమ్మతం కాదు. అదేమిటో తెలిశాకే ఆ సంగతి తేలాలన్న వాదనా సమ్మతం కాదు. ఒకటి ఏమిటో తెలియకముందే, అది మనతో ఎలా మెలుగుతుందో కొలవొచ్చు.

బలాన్ని మోసే కణం ఎంత తేలికైతే ఆ బలం అంత దూరం చేరుతుందని 1935లో యుకావా చూపించాడు. పాలపుంత కేంద్రం మనకు సుమారు 26 వేల కాంతి సంవత్సరాల దూరం. అక్కడి నుంచి ఇక్కడికి చేరే బలాన్ని మోయాలంటే ఆ కణం ఎంత తేలిగ్గా ఉండాలి? 1 పక్కన 33 సున్నాలు పెట్టి, ఎలక్ట్రాన్ ద్రవ్యరాశిని అన్ని భాగాలు చేస్తే అందులో ఒక్క భాగమంత. అలాంటిదాన్ని ఏ త్రాసులోనూ తూచలేం. కానీ దాని పక్షపాతాన్ని పట్టుకోవచ్చు. గురుత్వానికి ఇనుమైనా దూదైనా ఒకటే, అన్నిటినీ ఒకే త్వరణంతో లాగుతుంది. కొత్త బలం అలా కాదు. ప్రోటాన్లు, న్యూట్రాన్ల లెక్కను బట్టో, కేంద్రకాన్ని కట్టి ఉంచే శక్తిని బట్టో ఒక లోహాన్ని కాస్త ఎక్కువ, ఇంకోదాన్ని కాస్త తక్కువ లాగుతుంది.

ఈ తేడాను కృష్ణపదార్థం వైపు వెదకవచ్చని 1993లో క్రిస్టఫర్ స్టబ్స్ సూచించాడు. సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో, హంగరీ శాస్త్రజ్ఞుడు ఎట్వష్ పేరును తమ పేరులో కలుపుకున్న ఎట్-వాష్ బృందం దాన్ని చేసి చూపింది. మీటరు పైచిలుకు పొడవున్న టంగ్‌స్టన్ తీగ, మందం మీటరులో 50 వేలో వంతు. దాని చివర నాలుగు బెరీలియం ముక్కలు, నాలుగు టైటానియం ముక్కలు, ఒక్కోటీ అయిదు గ్రాములకు కాస్త తక్కువ. ధనూరాశి వైపున్న పాలపుంత కేంద్రం ఒక లోహాన్ని ఎక్కువ లాగితే తీగ మెలిపడుతుంది. ఇందులో నన్ను అన్నిటికన్నా ఆకట్టుకున్నది కాలం లెక్క. గది వేడెక్కడం, చల్లబడడం సూర్యుడితోపాటు 24 గంటలకోసారి వస్తుంది. పాలపుంత కేంద్రం మాత్రం నక్షత్రాలతోపాటు 23 గంటల 56 నిమిషాలకే అదే చోటికి వస్తుంది. రోజుకు నాలుగు నిమిషాల ఆ తేడా నెలల తరబడి పెరిగిపెరిగి, గది చేసే అల్లరిని నక్షత్రాల సంకేతం నుంచి విడదీస్తుంది. ఇక్కడ కృష్ణపదార్థం కలిగించే త్వరణమే భూమి ఆకర్షణలో సుమారు 20 వేల కోట్లలో ఒక వంతు. అంత చిన్నదానిలోనూ రెండు లోహాల మధ్య తేడా పదివేలలో ఒకటి రెండు వంతులకు మించదని 2012లో ప్రచురించిన ఫలితం చెప్పింది.

ఏమీ కనబడకపోవడం కూడా ఒక ఫలితమేనా అని అడిగేవారుంటారు. నా దృష్టిలో తప్పకుండా ఫలితమే. నిన్నటిదాకా అలవాటుగా అన్న మాటకు ఇవాళ ఒక హద్దు దొరికింది. ఇంతకన్నా బరువైన ఆక్షేపణ ఇంకోటుంది: ఆ బలం లోహాలన్నిటినీ సమానంగా లాగితే? అప్పుడు తీగకు ఏమీ తెలియదు, నిజమే. అందుకే 2018లో పరిశోధకులు పీఎస్ఆర్ జె1713+0747 అనే పల్సార్‌ను చూశారు. న్యూట్రాన్ నక్షత్రం, శ్వేత మరుగుజ్జు జంటగా తిరుగుతున్న చోటది. కిక్కిరిసిన న్యూట్రాన్లతో, తనను తాను బిగించుకున్న గురుత్వశక్తితో న్యూట్రాన్ నక్షత్రం ఏ లోహానికీ పోలిక లేనిది. జంటలో రెండూ పాలపుంత వైపు వేర్వేరుగా పడుతున్న జాడ అక్కడా లేదు. ఏ బలమైనా ఇన్ని రకాల పదార్థం మీద తేడా లేకుండా పనిచేస్తే, దాన్ని గురుత్వం కాదనడానికి ఆధారం ఏం మిగులుతుంది?

ఒక్కటి ఒప్పుకోవాలి. ఒక పదార్థం ఆ బలానికి ఎంత లోబడుతుందో చెప్పే గుణాన్ని ఆవేశం అనుకుంటే, తీగ కొలిచేది మన వైపు ఆవేశాన్నీ కృష్ణపదార్థం ఆవేశాన్నీ హెచ్చవేసిన లబ్ధాన్ని. మన వైపుది సున్నా అయితే, కృష్ణపదార్థం తనలో తాను మరో బలంతో లాక్కుంటున్నా ఏ ప్రయోగశాలకూ అందదు. అందుకే 2006లో కెస్డెన్, కామియోన్‌కోవ్‌స్కీ ఆకాశం వైపు చూపు తిప్పారు. పాలపుంత చీల్చుకుంటున్న ధనుస్సు మరుగుజ్జు గెలాక్సీ నుంచి నక్షత్రాలు ముందుకొక తోకగా, వెనక్కొక తోకగా రాలుతున్నాయి. కృష్ణపదార్థాన్ని అదనపు బలమేదో లాగుతూ ఉంటే, ఆ బలం అంటని నక్షత్రాలు వెనకబడి, వెనక తోకలోనే ఎక్కువ చేరాలి.