తెలియనివాడు తెలిసినవానిని ఎన్నుకొనుట

వైద్యము తెలియనివాడు మంచి వైద్యుని ఎట్లు గుర్తింపగలడు? ఈ ప్రశ్న మిక్కిలి పాతది. గ్రీకు దేశమున ప్లేటో దీనిని చర్చించెను. మన పల్లెలలో ఎద్దును కొనబోవు రైతు, పండ్లు చూచి వయస్సు చెప్పుట తనకు చేతగానిచో, చేతనైనవానిని వెంట తీసికొని పోవును. ఎద్దు విషయము అంతటితో తీరును. మనుష్యుని విషయము అట్లు తీరదు.

ఈ ప్రశ్న నేడు తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములకు కూడ వచ్చి చేరినది. బియ్యపు మిల్లులలో నల్లగింజను ఏరు పని సార్టెక్స్ యంత్రము చేయుచున్నది. రేపల్లె, నిజాంపట్నము వైపు రొయ్యల చెరువులవారు నీటిలోని ప్రాణవాయువును మీటరుతో కొలుచుచున్నారు. దుగ్గిరాల పసుపు శీతల గిడ్డంగులలో నిలువ యుండుచున్నది. చిట్టా కంప్యూటరులోనికి, గల్లాపెట్టె ఫోనులోనికి పోయినవి. వ్యాపారము కొంత పెరిగిన పిమ్మట యజమానికి ఒక సంగతి బోధపడును. ఈ యంత్రములు తనకు తెలియవు; తెలియని వీటినన్నిటిని ఒక్కని చేతిలో పెట్టక తప్పదు. పెద్ద కంపెనీలలో అట్టివానిని చీఫ్ టెక్నాలజీ ఆఫీసరు అందురు. పేరు ఏదైనను పని ఒకటే: యజమాని చూడలేని చోట యజమానికి కన్నుగా ఉండుట.

అప్పుడు మొదట స్ఫురించు మాట "మనవాడు". బావమరిది కొడుకు ఇంజనీరింగు చదివినాడు గదా, మన కులమువాడు, మన ఊరివాడు, మోసము చేయడు అని ఇంటిలోని పెద్దలందురు. ఈ ఆలోచనను వెంటనే తూలనాడుట న్యాయము కాదు. విద్యను కొలుచు గరిటె తన చేతిలో లేనివాడు, తన చేతనున్న గరిటెతోనే కొలుచును. బంధుత్వము అట్టి గరిటె. తప్పు చేసినచో రేపు పెండ్లిపందిరిలో తలయెత్తుకొని తిరుగలేడను ధైర్యము దానిలో ఉన్నది. కాని ఆ గరిటె కొలుచునది భయమును మాత్రమే, పనితనమును కాదు. నిజాయితీని సైతము అది సరిగా కొలువజాలదని తెలుగునాట ఒక పెద్ద ఉదాహరణము కలదు.

1987లో హైదరాబాదున స్థాపింపబడిన సత్యం కంప్యూటర్స్ సంస్థ 2008 డిసెంబరు 16వ తేదీన, అధ్యక్షుని కుటుంబమునకు సంబంధించిన మేటాస్ కంపెనీలు రెండింటిని కొనుటకు నిర్ణయించెను. సత్యము అను పేరును ఇంగ్లీషు అక్షరములలో వెనుక నుండి చదివినచో మేటాస్ అగును. ఆ పేరు పెట్టినవారికి ఆ ముచ్చట ఎట్లు తోచినదో! వాటాదారులు మండిపడగా కొన్ని గంటలలోనే ఆ నిర్ణయమును వెనుకకు తీసికొనిరి. 2009 జనవరి 7వ తేదీన అధ్యక్షుడు తానే లేఖ వ్రాసి, లేని నగదు 5,040 కోట్ల రూపాయలు ఉన్నట్లు లెక్కలలో చూపబడినదని ఒప్పుకొనెను. వేలాది ఉద్యోగుల ఇండ్లలో ఆ రాత్రి దీపము ఆరలేదు. గమనింపదగినదేమనగా, ఆ సంస్థ డైరెక్టర్ల మండలిలో విద్యకు లోటు లేదు. దేశవిదేశములలో పేరుగన్నవారు అందు కూర్చుండిరి. తెలిసినవారు లేక జరిగిన కీడు కాదది. లెక్క తెరచి చూపుమని గట్టిగా అడిగినవారు లేక జరిగినది.

ఇచట బసవేశ్వరుడు బిజ్జలుని కొలువులో భాండారిగా ఉన్ననాటి కథ జ్ఞప్తికి రాక మానదు. రాజధనమును జంగమార్చనకు వెచ్చించుచున్నాడని కొందరు కొండెములు చెప్పగా, రాజు లెక్క అడిగెను. బసవేశ్వరుడు భాండారము తెరచి చూపెను, కొరత కనబడలేదు. దీనిని భక్తులు మహిమగా చెప్పుకొందురు. మహిమ మాట అటుంచినను, అడిగినవెంటనే తాళపుచెవి ముందుంచిన గుణము మిగులును. నన్నే అనుమానింతురా యని ఆయన అలుగలేదు. ఉద్యోగమిచ్చువారు పరీక్షింపగల గుణములలో ఇది యొకటి. దీనిని పరీక్షించుటకు యంత్రవిద్య అక్కరలేదు.

అయితే గుణమొక్కటే చాలునా? చాలదు. సాధువైనంతమాత్రమున ఒకడు శీతల గిడ్డంగిని చల్లగా ఉంచలేడు. మంచివాడని తెచ్చి పెట్టిన మనుష్యుని చేతిలో యంత్రము చెడి, సరకు కుళ్లి, కూలీల వారపుజీతము నిలిచిపోయినచో, ఆ మంచితనమునకు వెల కట్టినవారు కూలీలే యగుదురు. కావున విద్యను పరీక్షించుటకు ఆ విద్య ఎరిగినవానిని, తనతో లాభనష్టములు లేనివానిని, ఎరువు తెచ్చుకొనవలసినదే. ఎద్దును కొనబోవు రైతు చేయునది అదియే గదా.

గుజరాతులోని ఆనందులో త్రిభువన్‌దాస్ పటేలు ఇంజనీరు కాడు. పాలు పోయు రైతుల సహకార సంఘమునకు అధ్యక్షుడు. అదే ఊరిలో ప్రభుత్వ క్షీరశాలయందు వర్గీస్ కురియన్ అను యువకుడు, విద్యార్థి వేతనపు ఒప్పందమునకు కట్టుబడి, ఇష్టము లేకయే పనిచేయుచుండెను. సంఘము వారి పాత యంత్రములు చెడినప్పుడెల్ల ఆతడు వచ్చి బాగుచేసి పోవుచుండెను. చివరకు ఇవి బాగుపడునవి కావు, క్రొత్తవి కొనుడని చెప్పెను. పటేలు అప్పు తెచ్చి కొనెను. 1949లో కురియన్ ఆనందు విడిచి పోవుటకు సిద్ధపడినప్పుడు, ఆ క్రొత్త యంత్రములు కుదురుకొనువరకు ఉండుమని పటేలు కోరెను. ఆ ఉండుట జీవితకాలమైనది. పటేలు చూచినది పట్టాలను గాదు. అడుగకపోయినను వచ్చి చేయి వేయుటను, వినుటకు కష్టమైన మాటను మొగముననే చెప్పుటను చూచెను. పిమ్మట కురియన్ తన మిత్రుడైన హెచ్. ఎం. దలాయాను రప్పించెను. గేదెపాలను పొడి చేయుట సాధ్యము కాదని విదేశ నిపుణులు అనుచుండగా దలాయా చేసి చూపెను. ఆ కర్మాగారమును 1955 అక్టోబరు 31వ తేదీన నెహ్రూ ప్రారంభించెను. కురియన్ మలయాళీ, క్రైస్తవ కుటుంబమున పుట్టినవాడు. పటేలు గుజరాతీ. "మనవాడు" అను గరిటెతో కొలిచియుండినచో కైరా జిల్లా పాడిరైతు ఏమి పొందెడివాడో ఊహింపవచ్చును.

జీతము సంగతి కూడ ఒక మాట. ఎక్కువ అడుగుట దోషము కాదు. కాయకమునకు తగిన ఫలము ఉండవలసినదే. ఆయ్దక్కి మారయ్య ఒకనాడు అవసరమునకు మించి బియ్యము ఏరి తెచ్చినప్పుడు, ఆతని భార్య లక్కమ్మ తిరిగి పోసి రమ్మన్నది. నేటి కంపెనీ అధికారిని లక్కమ్మ మాటతో తూచుట కఠినమే. కాని వాటాల ధర పెరిగినకొలది తన సంపద పెరుగునట్లు ఏర్పాటున్నచోట, చెడువార్తను దాచవలెనను కోరిక ఎవనికైన పుట్టును. ఆ కోరికను పుట్టించినవాడు జీతము నిర్ణయించిన యజమాని.

ఇక చెడువార్త మాట. విక్రమ్ సారాభాయ్ 1971 డిసెంబరులో మరణించిన తరువాత అంతరిక్ష సంస్థకు అధిపతిగా సతీశ్ ధావన్‌ను ఇందిరాగాంధీ కోరెను. ఆయన అప్పుడు అమెరికాలో ఉండెను. బెంగుళూరు విజ్ఞాన సంస్థ సంచాలక పదవి విడువననియు, అంతరిక్ష సంస్థ ప్రధాన కార్యాలయము బెంగుళూరున ఉండవలెననియు ఆయన నియమములు పెట్టెను. ప్రధానమంత్రి అంగీకరించెను. పదవికై చేయి చాపువానికంటె నియమము పెట్టువాడు నమ్మదగినవాడని ఆమె తలచెనో యేమో! 1972లో ఆయన బాధ్యత చేపట్టెను.

1979 ఆగస్టు 10వ తేదీన ఆంధ్రతీరమున శ్రీహరికోట నుండి ఎస్. ఎల్. వి.–3 మొదటిసారి ఎగిరి, బంగాళాఖాతమున పడిపోయెను. ఆ ప్రయోగ బాధ్యుడు అబ్దుల్ కలామ్. కంప్యూటరు ఆపుమని హెచ్చరించినను ముందుకు పొమ్మన్నది తానేయని కలామ్ తరువాత అనేక సభలలో చెప్పెను. ఆనాడు పత్రికలవారి యెదుట కూర్చుండినది మాత్రము ధావన్. వైఫల్యము తనదని చెప్పెను. తన సహచరులకు ఇంకను తోడ్పాటు కావలెననియు, మరుసటి యేడు గెలుతుమనియు చెప్పెను. 1980 జూలై 18వ తేదీన రోహిణి ఉపగ్రహము కక్ష్యలో చేరెను. అప్పుడు పత్రికలవారిని కలిసికొనుటకు ధావన్ తాను పోలేదు. కలామ్‌ను పొమ్మనెను.

బాపట్లలోనో రేపల్లెలోనో ఒక చిన్న సంస్థ యజమాని, ఎదుట కూర్చుండిన అభ్యర్థిని, "నీ చేతిలో చెడిన పని ఒకటి చెప్పుము" అని అడుగవచ్చును. చెప్పినంతసేపు అతడు "మావాళ్లు చెడగొట్టిరి" అనునో, "నేను చూడకపోతిని" అనునో వినవచ్చును. ఇది వినుటకు కంప్యూటరు విద్య అక్కరలేదు. ఆ జవాబు నిజమా యని, ఆతని క్రింద పనిచేసి వెళ్లిపోయినవారిని విచారించుటకు ఒక రైలు టిక్కెట్టు మాత్రము కావలెను.