లొల్ల లాకుల దగ్గర రెండు పడవలు

కాలువల మీద సరుకు పడవలు నడిచే రోజుల నాటి కథ ఇది.

అమలాపురం వైపు నుంచి కొబ్బరికాయల లోడుతో ఒక పడవ ఎదురెక్కి వస్తోంది. ఇద్దరు కళాసీలు గట్టు మీద తాడు భుజానేసుకుని లాగుతుంటే సరంగు చుక్కాని పట్టుకుని కూర్చున్నాడు. షావుకారు గారి అబ్బాయి కూడా అందులోనే ఉన్నాడు. రాజమండ్రిలో చదువుకుంటూ సెలవులకి వచ్చి తిరిగి వెళ్తున్నాడు. పడవ లొల్ల లాకుల కిందికి చేరి ఆగింది. తలుపులు మూసి ఉన్నాయి. సరంగు ఒక చుట్ట కాల్చడం పూర్తి చేసేసరికి ఎగువ నుంచి పెంకుల పడవ ఒకటి వచ్చి లాకుకి అవతల నిలబడింది.

లాకు లస్కరు బయటికి వచ్చి రెండు పక్కలా చూశాడు. చూసి, పెంకుల పడవని లోపలికి రమ్మని చెయ్యి ఊపాడు.

కొబ్బరి పడవ సరంగుకి ఒళ్ళు మండిపోయింది. "ఇదేం న్యాయమండీ లస్కరుగారూ? ముందొచ్చింది నేను. వెనకొచ్చినాయన్ని పిలుస్తారేటి? రేపు పొద్దుటికి కాయలు రేవులో దించకపోతే షావుకారు నన్ను బతకనిస్తారా?"

చదువుకున్న అబ్బాయి అందుకున్నాడు. "ఇంగ్లీషులో లాక్ అంటే తాళం సరంగూ. తాళం ఎవరి చేతిలో ఉంటే పెత్తనం వాళ్ళదే. ఈయన కావాలనే మనకి తాళం వేశాడు."

ఆ మాటతో సరంగుకి ఇంకా పట్టుదల వచ్చింది. కళాసీలిద్దర్నీ పిలిచి, ముగ్గురూ కింది తలుపుకి గెడలు ఆనించి నెట్టారు. గెడ వంగింది గానీ తలుపు వెంట్రుకవాసి కూడా కదల్లేదు. గదిలో నిండుగా ఉన్న నీళ్ళు అవతలి నుంచి దాన్ని నొక్కి పట్టాయి. తలుపుల అతుకు సందులోంచి సన్నటి ధారలు మాత్రం వాళ్ళ మొహాల మీద చిమ్మాయి.

లస్కరు గట్టు దిగి వచ్చాడు. "అబ్బాయిగారూ, తాళమో ఇంకోటో నాకు తెలీదండి. ఎన్నో ఏళ్ళుగా దీన్ని తెరుస్తున్నాను గానీ, ఎవరికీ వేసి ఉంచలేదు. ఒక్క మాట అడుగుతాను చెప్పండి. ఇప్పుడు గది నిండా నీళ్ళున్నాయి. మీ పడవ కింద ఉంది. అది లోపలికి రావాలంటే ముందు ఏం జరగాలి?"

"నీళ్ళు దిగాలి."

"దిగాలి కదండీ. ఆ నీళ్ళు ఖాళీగా దిగినా, వాటి మీద పెంకుల పడవ కూచుని దిగినా, మీరు ఆగాల్సింది ఇంచుమించు అంతసేపే. ఆ పడవ గదిలోకి దూరి, ఇవతలికి వచ్చేంతసేపు ఎక్కువ, అంతే తేడా. పోనీ మీరే ముందు వెళ్ళండి. మీ కోసం ఒకసారి నీళ్ళు దింపుతాను. మీరు లోపలికి వచ్చాక నింపుతాను. మీరు పైకి వెళ్ళిపోతారు. అప్పుడు ఆయన కోసం మళ్ళీ దింపాలి. మూడుసార్ల పని. ఆయన్ని ముందు దింపితే అదే గది మీకు సిద్ధమవుతుంది, ఇద్దరి పనీ రెండుసార్లలో అయిపోతుంది. మూడోసారి దించే నీళ్ళు ఎగువన ఎవరి చేలోవో కదండీ."

అబ్బాయి వేళ్ళ మీద లెక్క వేసుకున్నాడు. ఒకసారి, రెండుసార్లు వేసుకున్నాడు. లెక్క సరిగ్గానే ఉంది.

"ఆయ్, అలాగే కానియ్యండి" అన్నాడు సరంగు.

పెంకుల పడవ గదిలోకి వచ్చింది. ఎగువ తలుపులు మూశారు. కింది తలుపుల్లోని చిన్న షట్టర్లు ఎత్తగానే నీళ్ళు సుడి తిరుగుతూ కిందికి పరుగెత్తాయి. గది గోడ మీద పాచి పట్టిన రాళ్ళు ఒక్కో వరసే బయటపడ్డాయి. ఎగువన గట్టు ఎత్తున నిలబడ్డ పడవ కళ్ళెదుటే కుంగుతూ వచ్చి కొబ్బరి పడవతో సమానమైంది. లోపలా బయటా మట్టం ఒకటయ్యాక, ఇందాక ముగ్గురు గెడలతో కదిలించలేని తలుపు లస్కరూ అతని తోడు మనిషీ నెట్టగానే తెరుచుకుంది.

రెండు పడవలూ పక్కపక్కగా తప్పుకుంటున్నప్పుడు పెంకుల సరంగు, "దారిచ్చావు బావా, రేవులో కనబడు" అని కేకేశాడు. కొబ్బరి పడవ అదే గదిలోకి వెళ్ళింది.

నీతి: ఎదుటివాడికి ఇచ్చిన దారే మన దారిని తెరిచే చోట్లు లోకంలో ఉన్నాయి. అక్కడ "నేను ముందొచ్చాను" అన్న పంతం వల్ల ఎవరికీ ముందు దొరకదు.

ఈ కథలో అబ్బాయి చెప్పిన అర్థం తప్పు కాదు. ఇవాళ మనం రోజంతా వాడేది ఆ అర్థమే. బండికి లాకు వేశావా అంటాం, ఫోను లాకైపోయింది అంటాం, జవాబు లాక్ చేయమంటారా అని టీవీలో అడుగుతారు. పోలీసు స్టేషన్లో లాకప్ ఉంది. 2020 మార్చిలో లాక్‌డౌన్ అన్న మాట పల్లెల్లో పలక పట్టనివాళ్ళ నోట కూడా పలికింది. వీటన్నిటిలోనూ ఆ మాట చెప్పేది ఒక్కటే, దారి లేదని.

గోదావరి జిల్లాల్లో మాత్రం నూట డెబ్భై ఏళ్ళుగా ఆ మాటకి ఇంకో బతుకు ఉంది. ఇక్కడ లాకులంటే ఒక చోటు. బొబ్బర్లంక దగ్గర మొదలైన మధ్య డెల్టా కాలువ ఆత్రేయపురం మీదుగా వచ్చి లొల్ల దగ్గర చీలుతుంది. ఆ చోటు పేరు లొల్ల లాకులు. బస్సులో కండక్టర్‌కి చెప్పినా, సినిమావాళ్ళకి చూపించినా అదే పేరు. ఇది ఇంగ్లీషు మాట అన్న స్పృహ కూడా ఎవరికీ ఉండదు. లస్కరు అన్నదీ అంతే. పారశీకంలో సైన్యానికి పేరైన మాట ఓడల మీదుగా వచ్చి మన కాలువ గట్టున స్థిరపడింది. ఇచ్చిపుచ్చుకోవడం రెండు వైపులా జరిగింది. దక్షిణాది ఆనకట్ట ఇంగ్లీషువాళ్ళ రికార్డుల్లో అనికట్ అయింది. ధవళేశ్వరం కట్టడాన్ని వాళ్ళు ఆ పేరుతోనే రాసుకున్నారు. తెలుగులో కలిసిన ఇలాంటి పరాయి మాటలకే సి.పి. బ్రౌన్ 1854లో ప్రత్యేకంగా ఒక నిఘంటువు వేశాడు. ఆనకట్ట పని ముగిసి అప్పటికి రెండేళ్ళే.

ఆర్థర్ కాటన్ ఆ ఆనకట్టని 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తి చేయించాడు. కాలువలు పొలాలకి నీళ్ళివ్వడంతో సరిపోదు, సరుకు కూడా మోయాలి అన్నది ఆయన పట్టుదల. రైళ్ళ కన్నా కాలువలే ఈ దేశానికి మేలని జీవితాంతం వాదించాడు. అయితే డెల్టా నేల సముద్రం వైపు మెల్లగా వాలుతుంది. ఆ వాలునంతా కాలువకి అలాగే ఇస్తే నీళ్ళు ఉరకలేసి గట్లు కోసేస్తాయి, పడవ ఎదురెక్కలేదు. అందుకే కాలువని మెట్లు మెట్లుగా దించారు. మెట్టు ఉన్న ప్రతి చోటా పడవ దాటడానికి ఒక లాకు కట్టారు. రెండు జతల తలుపుల మధ్య గది ఉండే ఈ ఏర్పాటు చైనాలో 984లోనే ఉంది. 1914లో తెరిచిన పనామా కాలువలో ఓడల్ని 85 అడుగులు ఎత్తేది ఇదే సూత్రం. ఆ చైనా నుంచి లొల్ల దాకా తాళం పడేది నీళ్ళకి. పడవకి దారి ఇవ్వడానికే ఆ తాళం.

ఆ దారిలో కాకినాడ నుంచి ఏలూరు, కృష్ణా డెల్టా, బకింగ్‌హాం కాలువ మీదుగా చెన్నపట్నం దాటి సరుకు వెళ్ళేది. రైలు, తర్వాత లారీ వచ్చి పడవల్ని తినేశాయి. 2008లో ఈ కాలువల్ని నాలుగో జాతీయ జలమార్గంలో చేర్చారు. కాకినాడ నుంచి సరుకు పడవ మళ్ళీ లాకులు దాటుతూ వెళ్ళే రోజు కోసం నాలాంటివాళ్ళు ఇంకా ఎదురు చూస్తున్నారు.

పడవలు పోయినా లాకుల దగ్గర తగువు పోలేదు. దాళ్వాలో గోదావరి సన్నబడితే కాలువలకి వంతులు పెడతారు. ఎగువ రైతు కాలువ మొదట్లో ఉన్నాడు, నీళ్ళు ముందు వచ్చేది అతని చేలోకే. శివారు రైతు చివరన ఉన్నాడు, పొట్ట మీదున్న వరికి ఒక్క తడి అందకపోతే పంటే పోతుంది. రాత్రిపూట షట్టరు ఎత్తేవాళ్ళు, బోదెకి అడ్డంగా మట్టి వేసేవాళ్ళు, ఇంజన్లు పెట్టి తోడేవాళ్ళు, అందరూ చెప్పే న్యాయం కొబ్బరి పడవ సరంగుదే. ఒక వంతు కోసం కొట్లాడుకునే ఊళ్ళలో నాలుగు రోజుల్లో అందరికీ అందాల్సిన నీరు వారమైనా అందదు. వంతు మాట నిలబెట్టుకున్న కాలువ కింద, చివరి ఎకరం తడిసి ఎగువవాడికి రెండో తడి త్వరగా తిరిగి వస్తుంది.

ఈ లెక్క గట్టు మీద నిలబడి ఇద్దరు రైతులకీ చెప్పగలవాడు లస్కరే. ఏ తూము ఎంత ఎత్తితే ఏ ఊరికి ఎంత నీరు చేరుతుందో ఏళ్ళ తరబడి చూసి నేర్చుకున్నవాడు. షట్టర్లకి మోటార్లు పెట్టండి, మట్టం కొలిచే యంత్రాలు పెట్టండి, నాకు అభ్యంతరం లేదు. కానీ ఆ గట్టున, ఆ ఊరివాళ్ళ పేర్లు తెలిసిన లస్కరు ప్రతి లాకుకీ ఉండాలి. అతని జీతం నెలనెలా అందాలి, పనిలోకి కొత్తగా వచ్చే కుర్రాడు పాత లస్కరు పక్కన ఒక సార్వా, ఒక దాళ్వా పూర్తిగా నిలబడి పని నేర్చుకోవాలి.