పగలగొట్టడానికే చేసిన కుండలు

పెరూ ఎత్తుభూముల్లో అయకూచో పక్కన ఉన్న కొంచోపాతలో, వారీ నాగరికత కాలం (సుమారు క్రీ.శ. 600–1000) నాటి పెద్ద కాగులు, మెడ మీద మనిషి ముఖం తీర్చిన జాడీలు ముక్కలై దొరికాయి. 1942లో పురావస్తు శాస్త్రవేత్త హూలియో తెయ్యో తవ్వకాల్లో ఒక నిక్షేపం, 1977లో మరొకటి బయటపడ్డాయి. దేవతారూపాలు చిత్రించిన ఈ పాత్రలను కావాలనే బద్దలు కొట్టి పాతిపెట్టారు. అదే ఊళ్లో మట్టిని గీకే పెంకులు, మెరుగు పెట్టే నున్నరాళ్లు, అచ్చులు ఇళ్లలోనే కనిపించాయి. అంటే కుమ్మరులు అక్కడే కాపురమున్నారు. అంత శ్రమ పోసి చేసినదాన్ని పగలగొడితే ఆ శ్రమ వృథా అయినట్టా, సమర్పణ అయినట్టా? దేవుడికి చేరింది కుండా, దాన్ని చేసిన పనా?

జవాబు వెతకాలంటే ముందు పని ఎలా సాగిందో చూడాలి. ఆండీస్‌లో కుమ్మరి సారె లేదు. ఉత్తర తీరపు మోచేలు (సుమారు క్రీ.శ. 100–800) రెండు భాగాల అచ్చులు వాడారు. మోచే సీసా పగిలితే, తడిమట్టిని అచ్చుకు అదిమిన వేళ్ల గుర్తులు లోపలివైపు కనిపిస్తాయి. బయట అతుకును మాత్రం కనబడకుండా రుద్దేశారు. రికాబు ఆకారపు మూతిని విడిగా చేసి అతికించారు. అచ్చు చేతిలో ఉంటే అంతగా పనితనం లేనివాడూ దేవుడి రూపం తీయగలడు. ఆ రూపం ఎలా ఉండాలో నిర్ణయించేది అచ్చు చేసినవాడు, చేయించినవాడు. చికామా లోయలోని సెరో మయాల్ కార్ఖానా ఒక ఆరాధనా కేంద్రం దగ్గరే ఉండడం యాదృచ్ఛికం అనిపించదు.

ఇంకాల కాలానికి పనికీ పూజకీ ఉన్న ఈ బంధం రాజ్యవ్యవస్థే అయింది. ప్రజలు వంతులవారీగా చేసే సేవ పేరు మిత. పూర్తికాలం వృత్తిపనివాళ్లను కమాయోక్‌లు అన్నారు. ఇంకా చక్రవర్తి హువాయ్నా కాపాక్ టిటికాకా సరస్సు దగ్గర మిల్లిరాయలో నేతగాళ్లను, కుమ్మరులను స్థిరపరిచాడు. రాజ్యం పేరున జరిగే విందుల్లో మొక్కజొన్నతో పులియబెట్టిన చిచా పొడుగుమెడ జాడీల్లోంచే వచ్చేది. పనికి వచ్చినవారికి ఆ విందు పెట్టడం పాలకుడి ధర్మం. కాబట్టి కుండ శ్రమ ఫలం మాత్రమే కాదు, మళ్లీ శ్రమను పిలిచే సాధనం కూడా. సూర్యుడి పొలాలు దున్నడం, రాజు పొలాలు దున్నడం ఒకే సేవాక్రమంలో భాగాలు. పూజ ఎక్కడ ఆగి పన్ను ఎక్కడ మొదలవుతుందో చెప్పే గీత ఆ క్రమంలో లేదు.

అయితే జాడీలన్నీ ఒకే తీరుగా ఉన్నాయి కాబట్టి ఒకే చోట చేశారనుకోకూడదు. మట్టి రసాయన పరీక్షల్లో ఇంకాల శైలి పాత్రలు వేర్వేరు ప్రాంతాల్లో, స్థానిక మట్టితోనూ తయారయ్యాయని తేలింది. రూపం ఇంకాల రాజధాని కుస్కోది, మట్టి, చేతులు ఆయా ఊళ్లవి.