చూపు, ఛాయాచిత్రం, అనుమతి: చెక్కభజన నేపథ్యంలో ఒక పరిశీలన

కడప జిల్లా రాజుపాలెం ప్రాంతపు పల్లెల్లో పండుగ రాత్రి చెక్కభజన జరిగితే ఊరంతా చుట్టూ చేరుతుంది. అందరూ చూస్తున్నదానిని ఛాయాచిత్రంగా తీయడానికి వేరే అనుమతి ఎందుకు?

ఆటలో దిగినవారు ఆ రాత్రి, ఆ ఊరి చూపుకు సమ్మతించారు. చూసేవారు వారికీ కనబడుతూనే ఉంటారు. ఛాయాచిత్రం మాత్రం వారెరుగని కళ్ల ముందుకు వెళుతుంది. గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించిన 2017 నాటి పుట్టస్వామి తీర్పు కూడా, బహిరంగ స్థలంలో ఉన్నంత మాత్రాన వ్యక్తి గోప్యత పోదన్న భావాన్ని వ్యక్తం చేసింది.

అడిగితే సహజత్వం చెడుతుందని ఒక వాదన. ఆటకు ముందే గురువునూ బృందాన్నీ అడగవచ్చు. అయితే వారి అంగీకారం చూడవచ్చినవారికి వర్తించదు. క్షేత్రపర్యటనలో ఒకసారి నేను కెమెరా ఎత్తగానే ప్రేక్షకులలోని ఒక పెద్దామె ముఖానికి కొంగు అడ్డం పెట్టుకున్నది. అప్పటికే చిత్రం పడింది. నా సిద్ధాంత గ్రంథానికి అది ఎంతో ఉపకరించేది, అయినా తొలగించాను. మాటలేని నిరాకరణ కూడా నిరాకరణే.

కనుక పరిశోధకుడు చిత్రం ఎక్కడ ప్రచురితమవుతుందో చెప్పి అడగాలి. వద్దన్నదానిని, ఎంత విలువైనదైనా, గ్రంథంలో చేర్చరాదు.