శ్రుతి వేరు, బాణీ వేరు

రుద్రూర్ పరిసరాల్లోని ఒక విచారణలో క్రీస్తు జయంతి పాటల సాధన జరుగుతోంది. పేర్లు మనకు అనవసరం. కీబోర్డు దగ్గర కూర్చున్న యువకుడు హాస్టల్లో ఉండి చదువుకున్నవాడు. నొటేషన్ చూసి వాయించగలడు. అతని పక్కనే ఫిడేలు పట్టుకున్న ఒక పెద్దాయన. ఆయన తండ్రి కోస్తాలో హరికథలకు, నాటకాలకు ఫిడేలు వాయించేవారట. ఆ కుటుంబం ఇటు వచ్చి క్యాంపులో స్థిరపడినప్పుడు ఆ ఫిడేలు కూడా వెంట వచ్చింది.

రెండో చరణం దగ్గర యువకుడు వాయించడం ఆపేశాడు. "తాతా, స్వరాన్ని గట్ల ఊపకున్రి. బుక్కుల ఎట్లుంటే అట్లనే వాయించున్రి" అన్నాడు.

పెద్దాయన కోప్పడలేదు. "నాకు వచ్చిందే ఇది బాబూ. ఇది తీసేస్తే నా దగ్గర ఇంకేముంది?" అన్నారు. ఫిడేలును పెట్టెలో పెట్టుకుని వెళ్ళిపోయారు. ఆ ఏడాది పండుగ పూజలో ఫిడేలు వినిపించలేదు.

ఆ సాయంత్రం నేనూ అక్కడే ఉన్నాను. గుమ్మం దగ్గర ఆయనతో, "మీరే కాస్త సర్దుకోండి, పిల్లవాడు చదువుకున్నవాడు" అన్నది నేనే. ఆ మాట అన్నందుకు నా మనసు ఇప్పటికీ నన్ను ప్రశ్నిస్తూనే ఉంది. నలుగురూ కలిసి ఒక పని చేయాలంటే ఎవరో ఒకరు తగ్గక తప్పదు, నిజమే. కాని తగ్గవలసింది ఎవరు? ఏ విషయంలో తగ్గాలి?

దీనికి జవాబు వెతుకుతూ ఉంటే నాకు తంత్రీ వాద్య బృందాలు గుర్తుకు వచ్చాయి. పాశ్చాత్య సంగీతంలో స్ట్రింగ్ క్వార్టెట్ అని ఒకటి ఉంది. రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో. అంతే, నలుగురు. ముందు నిలబడి చేతులు ఊపి నడిపించే నాయకుడు ఉండడు. ఒకరినొకరు చూసుకుంటూ, ఒకరినొకరు వింటూ వాయించాలి.

1993లో వి.ఎస్. నరసింహన్‌గారు మద్రాసులో ఇటువంటి బృందాన్నే నెలకొల్పారు. దాని పేరు మద్రాస్ స్ట్రింగ్ క్వార్టెట్. ఇళయరాజాగారు 1986లో వెలువరించిన 'హౌ టు నేమ్ ఇట్' సంగీతంలో మనసును పట్టుకునే ఆ వయొలిన్ వీరిదే. కర్ణాటక సంగీతం, పాశ్చాత్య సంగీతం రెండూ నేర్చినవారు. ఈ నలుగురూ మన కర్ణాటక కీర్తనలను ఎత్తుకున్నారు. మొదటి వయొలిన్ కీర్తనను గమకాలతో సహా పాడినట్టు వాయిస్తుంది. మిగిలిన మూడు వాద్యాలు పాశ్చాత్య పద్ధతిలో దాని చుట్టూ స్వరాలు అల్లుతాయి.

చెప్పినంత సులువైన పని కాదిది. కర్ణాటక విద్వాంసుడు నేలమీద కూర్చుని, వయొలిన్ తలను కుడి పాదంమీద ఆనించి వాయిస్తాడు. నాలుగు తీగలనూ సా-పా-సా-పా అని తన శ్రుతికి కలుపుకుంటాడు. ఒక స్వరంనుంచి మరో స్వరానికి జారుతూ, ఊగుతూ వెళ్ళడమే ఆయన విద్య. ఆ ఊపు కాగితంమీద పూర్తిగా ఎక్కదు, గురువు నోటినుంచి శిష్యుడి చెవికి చేరవలసిందే. పాశ్చాత్య పద్ధతి నేర్చినవాడు కుర్చీలో కూర్చునో, నిలబడో వాయిస్తాడు. అతని తీగల శ్రుతి ముందే నిర్ణయమై ఉంటుంది. కాగితంమీద ఉన్న స్వరాన్ని ఉన్నచోట నిలబెట్టడమే అతని విద్య. ఒకరికి గొప్పదనం అనిపించేది రెండోవారికి తప్పులా వినిపించవచ్చు. రుద్రూర్ దగ్గర ఆ సాయంత్రం జరిగింది కూడా ఇదే కదా!

మరి ఈ రెండూ ఎలా కలుస్తాయి? ముగ్గురి గొలుసు స్వరాల కోసం కీర్తనలోని గమకాన్ని కత్తిరించలేదు. గమకానికి చోటు మిగిలేలా ఆ గొలుసును అల్లారు. అలాగని ఎవరిష్టం వారిదే అని వదిలేసిందీ లేదు. నలుగురి శ్రుతీ ఒకటే, నలుగురి కాలప్రమాణమూ ఒకటే. అందులో రాజీ లేదు.

వయొలిన్ చరిత్ర అంతా ఇటువంటి ఇచ్చిపుచ్చుకోవడమే. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు (1786-1859) మద్రాసులో ఒక యూరోపియన్ దగ్గర ఈ వాద్యాన్ని నేర్చుకుని, మన సంగీతానికి మలిచారు. మన ద్వారం వెంకటస్వామినాయుడుగారు 1919లో, 26 ఏళ్ళ వయసులో, విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో వయొలిన్ ఆచార్యులయ్యారు, 1936లో ఆ కళాశాలకే అధ్యక్షులయ్యారు. అంతటి విద్వాంసులు పాశ్చాత్యుల కమాను పద్ధతిని శ్రద్ధగా గమనించి, దానిలోని మంచిని తమ వాదనంలోకి తెచ్చుకున్నారు. అందువల్ల ఆయన సంగీతం పరాయిదైపోయిందా? లేదే!

అటువైపునుంచీ ఒక ఉదాహరణ చూడండి. గోవాలో విచారణ బడులు పిల్లలకు స్వరలిపి, వయొలిన్ నేర్పేవి. గుడి గాయకబృందంలో పెరిగిన ఆ పిల్లలు పొట్ట చేతపట్టుకుని బొంబాయి చేరి, సినిమా వాద్యబృందాలను నిలబెట్టారు. వారిలో చాలామంది పేర్లు తెరమీద కనిపించలేదు. మజోర్దా గ్రామానికి చెందిన ఆంథోనీ గొన్సాల్వెస్ (1927-2012) వారిలో ఒకరు. కాగితంమీద సంగీతం రాయడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. అయినా మన రాగాలముందు శిష్యుడై కూర్చున్నారు. 1958లో ఇండియన్ సింఫనీ ఆర్కెస్ట్రా స్థాపించి, రాగాల ఆధారంగా రచనలు చేశారు. ఆయన శిష్యుడు ప్యారేలాల్ 1977 నాటి 'అమర్ అక్బర్ ఆంథోనీ' చిత్రంలోని ఒక పాటలో గురువుగారి పేరునే నిలిపారు. ఆ పాటకు నవ్వుకున్నవారిలో అది ఒక వయొలిన్ గురువు పేరని ఎందరికి తెలుసు?

ఈ ఇద్దరిలో నన్ను ఆకట్టుకున్న విషయం ఒక్కటే. ఎక్కువ తెలిసినవాడే ముందు వంగాడు. తక్కువ తెలిసినవాణ్ణి వంగమనలేదు.

నా తప్పు ఇక్కడే ఉంది. శ్రుతి వేరు, బాణీ వేరు. శ్రుతి అందరిదీ. అది తప్పితే పాటే లేదు, కనుక అందరూ లోబడవలసిందే. బాణీ ఎవరిది వారిది. అది వారి తండ్రి, వారి ఊరు, వారి బీదరికం, వారి సాధన కలిసి ఇచ్చిన సొత్తు. ఆ పెద్దాయన శ్రుతి తప్పలేదు. ఆయన బాణీ మాత్రమే వేరు. కాని పుస్తకం చదవగలిగినవారి బాణీనే శ్రుతి అనుకున్నాం మనం. బలం ఉన్నవాడు తన అలవాటునే అందరి నియమంగా చెప్పడం, దానికి 'ఐక్యత' అని పేరు పెట్టడం లోకంలో ఎప్పుడూ ఉన్న అన్యాయమే.

మన శ్రీసభ ఈ సంగతి ఎరుగును. 1963లో రెండవ వాటికన్ మహాసభ దైవార్చనపై వెలువరించిన పత్రం పైప్ ఆర్గన్‌ను గౌరవిస్తూనే, ఆయా ప్రజల సొంత సంగీతానికి కూడా ఆరాధనలో తగిన స్థానం ఇవ్వాలని చెప్పింది. పునీత పౌలుగారు కొరింతీయులకు రాసిన మొదటి లేఖ 12వ అధ్యాయం ఈ రాత్రి ఇంట్లో ఒకసారి చదవండి. బలహీనంగా కనిపించే అవయవాల గురించి అక్కడ ఏముందో గమనించండి.

ఇది పాటలకే పరిమితమా? మన ప్రాంతాన్నే చూడండి. నిజాంసాగర్ కాలువ నీళ్ళకు, బోధన్ చక్కెర ఫ్యాక్టరీ పనికి ఎక్కడెక్కడివారో వచ్చి చేరారు. ఫ్యాక్టరీ 2015లో మూతపడింది, మనుషులు మిగిలారు. కోస్తా మాట, తెలంగాణ మాట, ఉర్దూ, మరాఠీ ఒకే సంతలో వినిపిస్తాయి. మన ఇళ్ళలోకి వచ్చే కోడలు కూడా ఒక బాణీతోనే వస్తుంది. పులుసు ఎలా పెట్టాలి, పండుగ ఎలా చేయాలి అన్నవి బాణీలు. ప్రేమ, నిజాయితీ, ప్రార్థన శ్రుతి. "సర్దుకుపో అమ్మా" అని ఆమెకు చెప్పేముందు, మనం అడుగుతున్నది శ్రుతి గురించా, బాణీ గురించా అని ఎప్పుడైనా ఆలోచించామా?

తపస్సు కాలంలో నేను ఆ పెద్దాయన ఇంటికి వెళ్ళాను. క్షమించమని అడిగాను. ఆయన నవ్వి, తీగ ఒకటి తెగిపోయిందని, నిజామాబాద్ వెళ్ళి తెచ్చుకోవాలని అన్నారు. యువకుడికి కూడా ఈ శ్రుతి, బాణీ సంగతి చెప్పాను. వెంటనే ఒప్పుకోలేదు. కాని పాస్క పండుగనాడు ఒక పాటలో చరణానికీ చరణానికీ నడుమ కీబోర్డుమీదనుంచి చేతులు తీసేశాడు. ఆ ఖాళీలో ఫిడేలు ఒక్కటే వినిపించింది, తనదైన ఊపుతో.

ప్రియ పాఠకులారా, మీ ఇంట్లో, మీ విచారణలో తన వాద్యాన్ని పెట్టెలో పెట్టుకుని వెళ్ళిపోయినవారు ఎవరైనా ఉన్నారా? వారిని పిలవడం ఎవరి వంతు?